పడుగులో కాగితాలు

సోలాపూర్, దాజీ పేట్
జూన్ 12

మురళీ,

‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టమని మనకు తెలుగు బడిలో నేర్పారు. ఇక్కడ ఒక పక్క కుశలం లేదు కాబట్టి ఆ మాట రాయడం లేదు.

ఫోన్ చేయొచ్చుగా అని విసుక్కోకు. నలభై ఏళ్లు సాంచల మోతలో నిలబడ్డ చెవులు ఇవి. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటాను. పవర్‌లూమ్ మీద పనిచేసిన వాళ్లందరికీ అబ్బే విద్యే అది. ఫోన్‌కు పెదాలుండవు. వీడియోలో చూడమంటుంది మా ఆవిడ విమల, అందులో ముఖాలు ఆగి ఆగి కదులుతాయి, నాకు చిరాకు. పైగా పదో తరగతి తర్వాత నువ్వు కాలేజీకి, నేను కార్ఖానాకు పోయినప్పటి నుంచి మనకు ఉత్తరాలే అలవాటు.

అసలు సంగతికి వస్తాను. నా కూతురు వైష్ణవిని పీహెచ్‌డీకని నీ చేతుల్లో పెట్టి మూడున్నరేళ్లయింది. పుణెలో మురళి దగ్గర పరిశోధన చేస్తోందని అశోక్ చౌక్ దాకా నేను చెప్పని మనిషి లేడు. ఫిబ్రవరిలో ఒకరోజు బ్యాగు పట్టుకొని వాకిట్లో నిలబడింది.

“ఏమైంది బిడ్డా?”

“ఏం గాలే. నాకు పడలే నాయినా.”

“పడకపోవుడేంది? మురళి కాక ఏమన్న అన్నడా?”

“ఏమనలే. బస్, నేనే వచ్చిన.”

అంతే. నాలుగు నెలలయింది, ఇంకో ముక్క లేదు. నేనూ దానితో సరిగ్గా మాట్లాడడం మానేశాను. మన ఇళ్ల పద్ధతి నీకు తెలుసు. ఎక్కించిన పడుగు నేసి దించేదాకా నేతగాడు మగ్గం మారడు. మధ్యలో దిగిపోతే యజమాని ముందు నిలబడి తప్పయిందని చెప్పుకోవాలి. మగ్గాలు నడిపిన రోజుల్లో మా నాయన ఎంతమంది చేత చెప్పించుకున్నాడో. అందుకని వైష్ణవిని కూర్చోబెట్టి నీకు క్షమాపణ రాయించాను. మూడుసార్లు చించేసింది. నాలుగోది ఇందులో పెట్టాను. పెద్ద మనసుతో చదువు.

ఇప్పుడు ఇంట్లో మిగిలిన ఒక్క చేమగ్గం మీద చీరలు నేస్తోంది. చెయ్యి బాగానే తిరిగింది, అది చూస్తే నాకు ఇంకా బాధ.

ఇంకొకటి. మూడేళ్లు మీరిద్దరూ చేసిన పని ఏంటో నాకు అర్థమయ్యేలా రాయి. అవశేష కణాలు అంటుంది, అంతకుమించి చెప్పదు. లెక్కల్లో నీకంటే నేనే ముందుండేవాణ్ని, మరిచిపోకు.

దత్తాత్రి


పుణె
జూన్ 25

దత్తూ,

నీ ఉత్తరం, వైష్ణవి ఉత్తరం రెండూ అందాయి. అంత మాట రాయించాల్సింది కాదు. నా మనసులో ఏమీ లేదని, ఎప్పుడో క్షమించానని చెప్పు. పరిశోధన అందరికీ సరిపడదు. తెలివి లేక కాదు, దానికి ఒక స్వభావం ఉండాలి. ఏదైనా కాలేజీలో పాఠాలు చెప్పే పని వైష్ణవికి బాగుంటుంది.

నువ్వడిగింది చెబుతాను. విశ్వం పుట్టిన కొత్తలో అంతా విపరీతమైన వేడి. అది చల్లబడుతున్న కాస్త సమయంలోనే, గట్టిగా అరగంట కూడా కాదు, మొదటి మూలకాలు తయారయ్యాయి. చాలామటుకు హైడ్రోజన్, నాలుగో వంతు హీలియం. చిటికెడు డ్యుటీరియం, అంటే బరువెక్కువున్న హైడ్రోజన్. దానికన్నా ఎన్నో రెట్లు తక్కువగా లిథియం. ఏది ఎంత తయారై ఉండాలో లెక్క కట్టొచ్చు. మిగతావి ఆకాశంలో చూసినదానితో సరిపోతాయి. లిథియం సరిపోదు. పాత నక్షత్రాల్లో వెతికితే లెక్కలో మూడో వంతే కనిపిస్తుంది. నక్షత్రాలే దాన్ని తమ లోపల కరిగించుకున్నాయని కొందరంటారు. ఇంకా తేలలేదు.

నా ఆలోచన వేరు. అప్పుడు ఒక బరువైన కణం ఉండి ఉండొచ్చు. మొదటి క్షణాల వేడిలో పుట్టి మిగిలిపోయింది కాబట్టి అవశేష కణం అంటాం. పావుగంటో ఇరవై నిమిషాలో బతికి విరిగిపోయింది. పోతూ పోతూ న్యూట్రాన్లను వదిలింది. తర్వాత లిథియంగా మారాల్సిన బెరీలియాన్ని ఆ న్యూట్రాన్లు చెడగొట్టాయి. అందుకే లిథియం తగ్గింది. ఆ కణాన్ని ఇప్పుడు ఎవరూ చూడలేరు, ఎక్కడా లేదు. అది ఉండగా జరిగిన వంటలో తేడా మాత్రం మిగిలిపోయింది.

దీని మీద నా పేపరు మార్చిలో మంచి పత్రికలో అచ్చయింది. చాలామంది మెచ్చుకున్నారు. నీకూ ఒక ప్రతి పంపుతాను, ఇంగ్లీషులో ఉన్నా బొమ్మలు చూడొచ్చు.

విమలకు నమస్కారాలు.

మురళి


సోలాపూర్, దాజీ పేట్
జూలై 19

ఒరేయ్ మురళీ,

ఇది గంజి కదరా! నీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే తట్టింది. పడుగుకు గంజి పట్టించకపోతే దారం మగ్గం మీద నిలవదు, తెగుతుంది. నేత అయ్యాక ఉతికితే గంజంతా పోతుంది. చీర కొన్నామెకు గంజి ఎక్కడా కనపడదు, కాని అది లేకుండా ఆ చీరే లేదు. నీ కణం ఇంతేగా? తప్పయితే సరిదిద్దు. నాకు మాత్రం ఈ వయసులో మళ్లీ బడికి పోయినంత సంతోషంగా ఉంది.

ఆ సంతోషంలో పంతం కూడా మరిచి వైష్ణవి దగ్గరికి వెళ్లాను. మగ్గం మీద ఉంది.

“ఏందే, కాక పని గంజి అసొంటిదేనా?”

“అట్లనే అనుకో నాయినా.”

“మరి గింత మంచి పని ఇడిసిపెట్టి ఎందుకొచ్చినవ్?”

మగ్గం ఆపి నా చేతిలోని ఉత్తరం తీసుకుంది. చివరిదాకా చదివింది. నేను దాని పెదాలే చూస్తూ నిలబడ్డాను.

“గింతేనా రాసిండు? డ్యుటీరియం ఎంతయిందో రాయలే?”

“రాసిండు గదా, చిటికెడు అని.”

“గది మొదటిది. లిథియం తగ్గించినంక ఎంతయిందో రాయలే.”

ఇలా అని నవ్వింది. మంచి నవ్వు కాదు. ‘గదేందో నాకు సమజ్ అయ్యేటట్టు చెప్పు’ అంటే ముఖం మగ్గం వైపు తిప్పుకొని ఏదో అంది. ముఖం తిప్పితే నాకు మాట అందదు. ఆ సంగతి దానికి బాగా తెలుసు.

గడప దగ్గర బీడీలు చుడుతున్న విమల ఇదంతా చూసింది. “ఓ అయ్యా, పిల్ల తప్పు చేసినట్టు లేదు. తప్పు చేసినోళ్లు గట్ల నవ్వరు” అంది. విమలకు నీ లెక్కలు తెలియవు. మనుషుల విషయంలో మాత్రం పొరపాటు పడడం నేను తక్కువగా చూశాను.

అందుకని అడుగుతున్నాను. లిథియం తగ్గించాక డ్యుటీరియం ఎంతయింది? వైష్ణవి ఎందుకలా నవ్వింది? పేపరు ప్రతి ఇంకా రాలేదు.

దత్తు


పుణె
ఆగస్టు 2

దత్తాత్రీ,

గంజి పోలిక బాగుంది. డ్యుటీరియం సంగతి చాలా సాంకేతికమైనది, ఉత్తరంలో చెప్పేది కాదు. ఏ లెక్కలోనైనా కొంత అటూ ఇటూ ఉంటుంది. పాత సంగతులు తవ్వుకోవద్దని వైష్ణవికి చెప్పు, దాని వల్ల ఆమెకే నష్టం. కొత్త పని చూసుకోవడం మంచిది.

పరీక్షల పని మీద ఉన్నాను.

మురళీధర్


సోలాపూర్, దాజీ పేట్
ఆగస్టు 20

మురళీ,

నన్ను దత్తూ అనకుండా దత్తాత్రీ అని రాశావు. మొత్తం అయిదారు వాక్యాలు. నువ్వు ఇలా ముక్తసరిగా మాట్లాడడం ఒక్కసారే చూశాను. పదో తరగతి పరీక్షలో మనిద్దరి లెక్కల కాగితాలూ ఒకేలా ఉంటే సారు నిలబెట్టి అడిగాడు, ఎవడు ఎవడిది చూసి రాశాడని. నువ్వు నాలుగు ముక్కలు గొణిగి తల దించుకున్నావు. చూసి రాసింది నేనేనని నేను ఒప్పుకున్నాను. ఇన్నేళ్లలో దాని గురించి నిన్ను అడగలేదు. ఇప్పుడూ అడగడం లేదు.

నేను అడిగేది ఒక్కటే. నా కూతురు తప్పు చేసిందా, చేయలేదా?

ఆరు నెలలుగా దానితో ముఖం ఇచ్చి మాట్లాడలేదు. పక్కింటివాళ్ల ముందు కూడా ‘సగంలో వచ్చేసిన పిల్ల’ అన్నాను. అది తప్పు చేసి ఉంటే సరే. చేయకపోయి ఉంటే ఈ ఆరు నెలలు నేనేం చేస్తున్నట్టు? నాకు తెలియాలి.

దత్తు


పుణె
సెప్టెంబర్ 17

దత్తూ,

జవాబు రాయడానికి నాలుగు వారాలు పట్టింది. నీ కూతురు తప్పు చేయలేదు. నేను చేశాను.

అది అడిగిన డ్యుటీరియం సంగతి ఇదీ. కణం వదిలిన న్యూట్రాన్లన్నీ బెరీలియం మీదికే పోవు. చాలావరకు ప్రోటాన్లతో కలిసి డ్యుటీరియం అవుతాయి. లిథియం సరిపోయేటన్ని న్యూట్రాన్లు వదిలితే డ్యుటీరియం ఎక్కువైపోతుంది. దూరపు వాయుమేఘాల్లో డ్యుటీరియాన్ని ఇప్పుడు చాలా కచ్చితంగా కొలిచారు, నూటికి ఒకటి రెండు పాళ్ల తేడా కూడా పట్టుబడుతుంది. అంత పెరుగుదలకు అక్కడ చోటు లేదు. నేను పాత కొలతలు తీసుకున్నాను. అవి వదులైనవి, నా జవాబు వాటిలో ఇమిడింది. వదులైనవని తెలిసే తీసుకున్నాను.

కిందటి నవంబర్‌లో వైష్ణవి కొత్త కొలతలతో లెక్క వేసి, గ్రాఫు గీత గీసి తెచ్చింది. “సార్, ఇది నిలవదు” అంది. పుణెకు వచ్చాక నన్ను కాకా అనడం మానేసింది. మాన్పించింది నేనే. దీన్ని మెయిల్‌లో పెట్టొద్దు, నోట్‌బుక్‌లోనే చూపించు అన్నాను. చూపించింది. ఆ పేజీ మీదే ఎర్ర సిరాతో ‘అనవసరం, వదిలేయ్’ అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేశాను. అలాగైతే పేపరులో తన పేరు వద్దంది. తీసేశాను. జనవరిలో ఏటా రాయాల్సిన నివేదికలో ‘పరిశోధనకు తగిన స్వభావం లేదు’ అని రాశాను. దాంతో ఫెలోషిప్ ఆగిపోయింది. నీతో మాత్రం ‘నాకు పడలేదు’ అని చెప్పింది. మన స్నేహం చెడకూడదని అలా చెప్పి ఉంటుంది. అది తెలిసీ నేను ఆ క్షమాపణ తీసుకొని, క్షమించానని నీకు రాశాను. నా జీవితంలో అంతకంటే నీచమైన వాక్యం రాయలేదు.

నాకు బుద్ధి వచ్చి ఇదంతా చెబుతున్నాననుకోకు. ఈ నెల మొదట్లో వేరే దేశపు బృందం ఒక పేపరు వేసింది. అందులో రెండో బొమ్మ వైష్ణవి గీసిన గీతే. పది నెలల ముందు నా టేబులు మీద ఉన్నది అదే. ఆ పని మీద ఉండాల్సిన మొదటి పేరు ఆమెది. ఇక ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

నా పేపరు వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకు రాశాను. వైష్ణవిని తిరిగి చేర్చుకోమని ఇక్కడి కమిటీని అడిగాను. “పనికిరాదని రాసిందీ మీరే, ఇప్పుడు కావాలంటున్నదీ మీరే. ఏ మాట నమ్మాలి?” అన్నారు. వాళ్లను అనడానికేం లేదు. ఆ నోట్‌బుక్ చూపిస్తే నమ్ముతారు. నా సంతకం, తేదీ ఉన్నాయి కదా. నల్ల అట్ట, పెద్ద సైజు పుస్తకం. అక్టోబర్ ముప్పై ఒకటి గడువు, ఆ తర్వాత ఆమె రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. దయచేసి పంపు. ఆమెను అడిగే ముఖం లేక నిన్ను అడుగుతున్నాను.

మురళి


సోలాపూర్, దాజీ పేట్
సెప్టెంబర్ 29

మురళీధర్‌కు,

నీ ఉత్తరం చదివి చెప్పులు కూడా వేసుకోకుండా కార్ఖానా దాకా నడిచి, ఎందుకు వచ్చానో తెలియక తిరిగి వచ్చాను. నిన్ను తిట్టడానికే కాగితం తీశాను. మూడు రోజులుగా తీస్తున్నాను, పెడుతున్నాను. బడిలో నీ కోసం నేను దోషినయ్యాను, అది నా ఇష్టం. నా బిడ్డను దోషిని చేయడానికి నీకు చేతులెలా వచ్చాయిరా? పుట్టినప్పుడు దానికి మొదటి గౌను తెచ్చింది నువ్వు.

ఇంతకుమించి తిట్టే హక్కు నాకు లేదు. ఆ నల్ల అట్ట పుస్తకం నేనే పాడుచేశాను.

పడుగును మగ్గం వెనకుండే బీముకు చుట్టేటప్పుడు ఏం చేస్తామో నీకు గుర్తుందా? పై పొర దారాలు కింది పొరలో దిగబడకుండా, నాలుగు చుట్లకోసారి మధ్యలో మందపు కాగితాలు పరుస్తాం. ఆగస్టు మొదటి వారంలో అరవై గజాల పడుగు చుడుతున్నాను. కాగితాలు చాలలేదు. అంతకు రెండు రోజుల ముందే నీ ఉత్తరం వచ్చింది, పాత సంగతులు తవ్వుకోవద్దని. పిల్ల ఆ పుస్తకాన్ని పొద్దున లేచి తిరగేయడం చూస్తూనే ఉన్నాను. ఆ పుస్తకం కళ్ల ముందు లేకపోతే పిల్ల మనసు కుదుటపడుతుందనుకున్నాను. మంచి మందం కాగితం. పిల్ల బజారుకు పోయినప్పుడు చింపి, పక్కపక్కన అయిదేసి పేజీలు పరుస్తూ, మొత్తం పుస్తకం పడుగులో పెట్టి చుట్టేశాను.

పుస్తకం ఏదని అడిగింది. పాత కాగితాలు కొనే రద్దీవాడికి వేశానని చెప్పాను. కాసేపు నా ముఖం చూసి లోపలికి పోయింది. తప్పు చేసిందా లేదా అని నిన్ను అడగకముందే దానికి శిక్ష వేసేశాను. నీకు ఆగస్టులో రాసినప్పుడు ఈ సంగతి దాచాను.

ఆ పడుగు నేనే నేద్దామనుకున్నాను. కాగితాలు బయటపడగానే తీసేయొచ్చని. కుడి భుజం పట్టేసింది, దాంతో వైష్ణవే కూర్చుంది. బీము విప్పుకునే కొద్దీ కాగితాలు మగ్గం వెనక పడాలి. వెళ్లి చూస్తే ఎప్పుడూ ఒక్కటీ లేదు. విమల ఊడ్చి పొయ్యిలో పడేస్తోందనుకున్నాను. అడగడానికి భయం. ఇప్పుడు నలభై గజాలు నేత అయిపోయింది. నీ పేజీ పుస్తకం చివర్లో ఉండి ఉంటే అది పై పొరల్లో చుట్టాను, మొట్టమొదటే బయటపడి ఉంటుంది.

నువ్వు చేసింది సరిదిద్దే వీలు ఒకటుంటే, దాన్ని నేను పోగొట్టాను. ఏం చేయాలో రాయి.

దత్తు


పుణె
అక్టోబర్ 6

దత్తూ,

చదవగానే నీ మీద కోపం వచ్చింది. పది నిమిషాలు కూడా నిలవలేదు. పాత సంగతులు తవ్వొద్దని రాసింది నేను. నా పిరికితనం కాపాడుకోవడానికి రాసిన మాట నీ చేత ఆ పని చేయించింది.

విమలను అడగకు. వైష్ణవినే అడుగు. ముందు నువ్వేం చేశావో చెప్పి, తర్వాత అడుగు. నేను ఏడు నెలలు దాచి ఏం బాగుపడ్డానో చూశావుగా. కాగితం దొరకకపోయినా సరే, దానికి మాత్రం చెప్పు.

నన్ను రమ్మంటే శనివారం బండికి వస్తాను. నాలుగు గంటల దారి, ఇన్ని నెలల్లో ఒక్కసారి రాలేకపోయాను.

మురళి


సోలాపూర్, దాజీ పేట్
అక్టోబర్ 18

మురళీ,

చెప్పడానికి నాకు ఇంకో వారం పట్టింది. నిన్న పొద్దున వైష్ణవి తెగిన దారం ముడి వేస్తూ ఉంటే ఎదురుగా నిలబడ్డాను, దాని పెదాలు కనపడేలా.

“బిడ్డా, నీ పుస్తకం రద్దీకి ఇయ్యలే. చింపి బీముల పెట్టిన.”

“ఎరుకే నాయినా.”

“ఎట్ల ఎరుక?”

“రెండో గజంలనే నా అక్షరం బయటికొచ్చె.”

“మరి నన్ను అడగకపోతివి?”

“ఏమని అడుగుదు? నన్ను నువ్వు అడిగినవా?”

ఈసారి ముఖం తిప్పలేదు. నాకు అందాలనే నా వైపు చూసి అంది. నలభై ఏళ్లలో ఆ చెవుడు నాకు వరమని మొదటిసారి అనిపించింది, ఆ మాట ఎలా పలికిందో నేను వినలేదు.

లోపలికి పోయి ట్రంకు పెట్టెలోంచి ఒక మూట తెచ్చింది. ఇప్పటిదాకా బయటపడ్డ పేజీలన్నీ వరసలో పేర్చి నూలుతో కట్టింది. బీము విప్పిన ప్రతిసారీ నేను రాకముందే వెనక్కి పోయి తీసుకునేదట. నీ సంతకం పేజీ పైనే ఉంది. గంజి చెమ్మకు ఎర్ర సిరా కాస్త పాకింది. సంతకం, తేదీ మాత్రం చదవొచ్చు.

“తే, ఇయ్యాలనే రిజిస్టరు పోస్టు జేస్త. కాక కమిటీకి జూపిస్తడంట” అన్నాను.

“కాక ఉత్తరం చదివిన. నీ అంగీ జేబుల ఉండె.”

“చదివితే మరి?”

“నేను రాస్త కాకకు. నువ్వు రాయకు.”

విమల వచ్చి దాని తల మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ పని నేను ఫిబ్రవరిలో చేయాల్సింది. ‘పడలే’ అని అది అన్నప్పుడు, దానికి ఏదీ ఊరికే పడకుండా పోదని నాకంటే ఎవరికి తెలుసు? లెక్క తప్పని చూపించినా నువ్వు నమ్మలేదు. నేనైతే చూపించమని కూడా అడగలేదు.

శనివారం రావద్దు. కోపంతో అనడం లేదు. నువ్వొస్తే విమల అన్నం పెడుతుంది, నువ్వు తింటావు, మనం పాత సంగతులు చెప్పుకుంటాం. పిల్ల అదంతా చూస్తూ కూర్చోవాలి. అది నాకిష్టం లేదు.

నేను రాయించిన ఆ క్షమాపణ నీ దగ్గరే ఉంటే చింపెయ్.

దత్తు


సోలాపూర్, దాజీ పేట్
అక్టోబర్ 20

మురళీధర్ గారికి,

సార్ అనాలో, చిన్నప్పటిలా కాకా అనాలో తేలక ఇలా మొదలుపెట్టాను.

పేజీ నా దగ్గర ఉంది. దాన్ని కమిటీకి పంపడం లేదు. నాయిన రెండు రోజులుగా పోస్టాఫీసు ఎప్పుడు మూస్తారని నన్ను అడుగుతున్నాడు. ముందు మీకు చెప్పాలి.

ఆ కొత్త పేపరు చదివాను. వచ్చిన వారానికే నా ఫోన్‌లో చదివాను. రెండో బొమ్మ చూసి ఆ రోజు మగ్గం మీద కూర్చోలేకపోయాను. అమ్మకు తలనొప్పి అని చెప్పి పడుకొని ఏడ్చాను. మర్నాడు మళ్లీ చదివాను. వాళ్లు నాకంటే బాగా చేశారు. కణం ఎక్కువసేపు బతికితే ఏమవుతుందో కూడా చూశారు. నేను అక్కడిదాకా పోలేదు. పోనిచ్చి ఉంటే పోయేదాన్నేమో. తెలియదు. ఆ తెలియకపోవడమే ఎక్కువ బాధగా ఉంది.

నవంబర్‌లో మీ ముందు లెక్క ఉంది, గీత ఉంది, నేనున్నాను. అవి సరిపోలేదు. ఇప్పుడు మీ సంతకం ఉంటే సరిపోతుందంటున్నారు. ఆ సంతకం చూపించి లోపలికి వస్తే, రేపు నేను ఏ లెక్క చెప్పినా నా వెనక ఎవరి సంతకం ఉందో చూస్తారు. అలా రాలేను. గడువు పోనివ్వండి.

నా తప్పు కూడా ఉంది. మీ ఇద్దరి స్నేహం చెడుతుందని నాయినకు అబద్ధం చెప్పాను. నిజం చెప్పి ఉంటే మీతో ఆయన గొడవ పడేవాడు, అంతే. నాతో ఎనిమిది నెలలు మాట్లాడకుండా ఉండేవాడు కాదు. కాగితాలు బయటపడుతున్నప్పుడైనా అడగాల్సింది. మొండితనంతో నేనూ ఊరుకున్నాను. ఈ మూడు రోజులుగా పొద్దునే నా దగ్గరికి వచ్చి, కూర్చొని, డ్యుటీరియం గురించి అడుగుతున్నాడు. చెబుతున్నాను. లెక్కల్లో మీకంటే ముందుండేవాడినని చెబితే నమ్మేదాన్ని కాదు, నిజమే.

హైదరాబాద్‌లో ఒక చోట నన్ను డిసెంబర్‌లో ఇంటర్వ్యూకు పిలిచారు. తీసుకుంటే మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టాలి. పాత మూడేళ్లు ఏమయ్యాయని అడుగుతారు. నేను చెప్పుకుంటాను. వాళ్లు మీకు కూడా రాయొచ్చు. ఈసారి మీరు ఉన్నది ఉన్నట్టు రాస్తారని, ఎంతో మంచిగా రాస్తారని నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను.

నా గురించి ఎవరికీ ఏమీ రాయకండి కాకా. మంచి కూడా రాయకండి.

వైష్ణవి